ఆ తాడిచెట్టు దిగండి బాబూ!

పెళ్లి మైకులకు డెల్టా పొడుగువాళ్ల బహిరంగ లేఖ

గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పెళ్లిళ్లకీ, రిసెప్షన్లకీ, తీర్థాలకీ మైకు పట్టుకునే వ్యాఖ్యాతలకీ, ఆర్కెస్ట్రాల్లో పాటకీ పాటకీ మధ్య నవ్వించే మిమిక్రీ కళాకారులకీ, వేదిక కింద నిలబడి మాటలందించే పెళ్లికొడుకు స్నేహితులకీ నమస్కారం.

ముందే చెప్పేస్తున్నామండి, జోకులు మానేయమని అడగడానికి ఈ లేఖ రాయట్లేదు. ఎటకారం వినపడకుండా గోదారోళ్ల పెళ్లి జరిగిపోతే, లోపల ఏదో తగువు నడుస్తోందని చుట్టాలు అనుమానిస్తారు. ఎత్తున్నచోట ఎత్తిపొడుపు ఎలాగూ తప్పదు, మాటలోనే ఉంది కదా. మా బాధ వేరు. ఆరడుగుల మనిషి వేదికెక్కగానే మీ సంచిలోంచి వచ్చేవి మూడే మూడు. ‘తాడిచెట్టులా ఉన్నాడు’, ‘పైన వాతావరణం ఎలా ఉంది?’, ‘పొడుగోడికి బుద్ధి మోకాళ్లలో ఉంటుందంటారు’. మొదటిది అరిగిపోయింది. రెండోది ఫోన్లో చూసి తెచ్చుకున్న అరువు సరుకు. మూడోది సామెత, మీ సొంతం కాదు. ఈ మూడూ అయ్యాక పాట పెట్టేస్తారు. తెలుగులో పొడుగు మీద ఇంత వంటకం ఉండగా మూడు మెతుకులు వడ్డించి విస్తరెత్తేయడమే మాకు నచ్చనిది.

తాడిచెట్టు సంగతి ముందు తేల్చుకుందాం. పోలిక చెప్పి ఊరుకుంటే అక్కడికక్కడే చచ్చిపోతుంది. మనిషి పొడుగ్గా ఉన్న సంగతి వెనక వరసలో వాళ్లకి కూడా కనపడుతూనే ఉంది, మీరు చెప్పిందేముంది? చెట్టుని పట్టుకున్నాక కాయ దాకా వెళ్లాలి. తాడికి ఎన్ని గుణాలున్నాయో చూడండి. టెంక పాతితే మొలక ముందు పైకి రాదు, నేలలోకి దిగుతుంది. దాన్ని తవ్వి తంపటి వేసుకునే తేగలని తింటున్నాం. మాను తేలడానికి ఏళ్లు పడుతుంది, పూత రావడానికి పన్నెండేళ్ల పైమాటే. ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు, ముంజెలు ఆడచెట్టుకే కాస్తాయి. నీడేమో చెట్టు మొదట్లో నిలబడ్డవాడికి దక్కదు, ఎక్కడో దూరంగా పడుతుంది. ఇవన్నీ చేతిలో ఉంటే జోకు దానంతటదే కాస్తుంది. ‘మావాడు తాడిచెట్టేనండి. నీడ మాత్రం పొద్దుటా సాయంత్రం అత్తారింటి వైపే పడుతోంది.’ అరిగిన పోలికే గానీ రెండో వాక్యం ఒంటి మీంచి జారి గుణం మీదికి వెళ్లింది. పెళ్లికొడుకు తల్లి కూడా నవ్వుతుంది, కాస్త ఆలోచించి.

పెళ్లికూతురు చిన్నగా ఉండి దండ అందకపోతే సామెతనే తిప్పి వేయొచ్చు. తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడని అందరికీ తెలుసు. ‘తాటిచెట్టెందుకెక్కావమ్మా అంటే దండెయ్యడానికందట’ అంటే చాలు. అసలు సామెత ముందు వినిపించి తర్వాత తిప్పుదామనుకోకండి. జనం మనసులో అది ముందే ఉంది. మీరు వినిపిస్తే తిప్పినప్పుడు అదాటు ఉండదు.

అసలు మన వైపు తాడికంటే కొబ్బరి దగ్గరి చుట్టం. దాంట్లోనే పొడుగు రకాలూ, పొట్టి రకాలూ ఉన్నాయి. దేశవాళీ పొడుగు చెట్టు గెల వేయడానికి ఆరేడేళ్లు తీసుకుంటుంది, పొట్టి రకం మూడు నాలుగేళ్లకే వేసేస్తుంది. గంగాబొండం పొట్టి రకం, బొప్పాయిలా కోలగా ఉండే ఆకుపచ్చ కాయ, నీళ్లకి పేరు. ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకాన్ని తల్లిగా, గంగాబొండాన్ని తండ్రిగా పెట్టి అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు తెచ్చిన సంకర రకమే గోదావరి గంగ. అంటే తల్లి పొడుగు, తండ్రి పొట్టి.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, పెళ్లికూతురు పొడుగై పెళ్లికొడుకు ఆమె భుజం దాకా వచ్చే పెళ్లిలో మీలో సగంమందికి నోరు పెగలదు, మిగతా సగం నోరు జారుతుంది. అక్కడ పనికొచ్చే మాట ఇదే. ‘గోదావరి గంగ జోడీ అండి, తొందరగా గెలేస్తుంది.’ రైతులున్న పందిట్లో ఇది పేలుతుంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువుంటే పేలదు, గంగాబొండం అంటే ఏదో ఊరి పేరనుకుంటారు. ఇంకోమాట, ‘తొందరగా కాపుకొస్తుంది’ అనకండి. మన జిల్లాల్లో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది, భోజనాల దగ్గర దాని మీద చర్చ మొదలైతే మీరు ఆపలేరు.

ఇక ‘ఎత్తు’. ఇంత కూలికి ఇంత పనిచేసే మాట తెలుగులో ఇంకోటి దొరకడం కష్టం. మనిషికుండేదీ ఎత్తే, చదరంగంలో వేసేదీ ఎత్తే, బస్తాని చేసేదీ ఎత్తడమే. అదొక ఎత్తు, ఇదొక ఎత్తు. ఎత్తుకుంటే చంటిపిల్ల, ఎత్తుకెళ్తే దొంగతనం. వేరే మాటకి తోక అయితే విసుగెత్తుతుంది, గొంతెత్తుతుంది, దుమ్మెత్తిపోస్తుంది. శ్లేషలో రెండు రకాలని బడిలో చదివిందే. మాటని విరవకుండానే రెండర్థాలొస్తే అభంగం, విరిస్తే రెండోది బయటపడితే సభంగం. పుస్తకంలో రెండూ ఒకటే. మైకులో కాదు. అభంగం ఎవరు చెప్పినా నడుస్తుంది. సభంగంలో ఎక్కడ విరిచారో చెవికి తెలియాలి, అది గొంతులో పని.

అభంగానికి మంచి చోటు గంప. పెళ్లికూతుర్ని మేనమామలు గంపలో కూర్చోబెట్టి తెస్తున్నప్పుడు పొడుగమ్మాయైతే వాళ్ల నడక చూస్తేనే తెలిసిపోతుంది. ‘మేనమామలు వచ్చేశారండి! ఎత్తు చూసి ఎత్తారో, ఎత్తాక చూశారో!’ ఇక్కడ నవ్వు మేనమామల మీదికి పోయింది, అమ్మాయి మీదికి రాలేదు. గంప దింపాక చెప్పండి. మోస్తుండగా నవ్వొస్తే పట్టు జారుతుంది.

సభంగానికి మాకిష్టమైనది ఇది. ‘సమస్యలు అందరికీ తలెత్తుతాయి. మావాడికి తలెత్తితేనే సమస్య.’ పాత మండువా లోగిలి గుమ్మాలు, షామియానా అంచులు, వేదిక మీద వేలాడదీసిన పూల గుత్తులు, వీటిలో ఏదో ఒకటి ఆ మనిషి నుదుటికి తగిలిన క్షణంలో వేయాలి. మొదటి ‘తలెత్తుతాయి’ మామూలుగా కలిపి అనండి. రెండోది ‘తల... ఎత్తితేనే’ అని అర క్షణం విరవండి. రెండూ కలిపేస్తే మీరు నత్తిగా చెప్పారనుకుంటారు. రెండూ విరిస్తే మొదటిదాంట్లోనే గుట్టు తెలిసిపోతుంది. దీనికి అన్నలాంటిది ఇంకోటుంది. ‘పట్టిసీమలో ఉన్నది ఎత్తిపోతల. మా గుమ్మం దగ్గరున్నది ఎత్తి... పో... తల!’ నీళ్లని ఎత్తి పోసే పథకం కాస్తా ఎత్తితే పోయే తల అయింది. ఇది కాగితం మీద చదివితే సగమే, చెవికే పూర్తిగా అందుతుంది.

చెవి అన్నాం కాబట్టి ఎకో సంగతి చెప్పక తప్పదు. ఫంక్షన్ హాళ్లలో సౌండు కుర్రాడు పాటల కోసం పెట్టిన ఎకో మీ మాటలకీ అలాగే ఉంచేస్తాడు. ఎకోలో హల్లులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ‘మంచి ఎత్తండి పెళ్లికొడుకు’ అన్నది ‘మంచి ఎద్దండి పెళ్లికొడుకు’ అని వినపడితే దిద్దుకోవడానికి ఎంత అరిచినా అది రెండింతలై తిరిగొస్తుంది. ‘పొడుగు’ అన్నది ‘పొదుగు’ కావడానికీ ఇదే కారణం. శ్లేష వేసేముందు మాట మైకుకి ఎకో సున్నా చేయించుకోండి. సన్నాయి, డోలు ఆగాకే నోరు తెరవండి. మలుపు తిరిగే మాట వాక్యం చివర పెట్టండి, దాని తర్వాత ఇంకేమీ అనకండి. ‘అర్థమైందా అండీ, ఎత్తు అంటే రెండర్థాలు’ అని విప్పి చెప్పేవాళ్లున్నారు. పేలిన టపాకాయని చీపురుతో ఊడ్చి చూపించడం లాంటిదది.

‘అడుగు’ ఇంకా గొప్పది. కొలతకీ అడుగే, నడకకీ అడుగే, గిన్నె కిందదీ అడుగే, నోరు తెరిచి కోరేదీ అడుగే. ఆరడుగులవాడు ఏడడుగులు నడిచాడన్న మాట మీలో కొందరు అప్పుడప్పుడూ వాడుతున్నారు, సంతోషం. అక్కడాగిపోకండి. ‘ఆరడుగులవాడు ఏడడుగులు వేశాడు. ఆ ఎక్కువ అడుగు ఎవర్నడిగి వేశాడో అడగండి!’ అడుగు మూడు రకాలుగా తిరిగింది, చాలు. గిన్నె అడుగుని కూడా ఇరికించాలని చూస్తే అడుగంటుతుంది. సప్తపది జరుగుతుండగా మాత్రం వద్దు, మంత్రం మీద మైకు మాట పడితే పురోహితుడు గారికి కోపమొస్తుంది. రిసెప్షన్‌కి దాచుకోండి.

ఇంకోటుంది, పదునైనది. ‘మనిషి ఆరడుగులు. అత్తారిని అడిగింది ఒక్కటీ లేదు.’ వినేవాళ్లు నవ్వి, తర్వాత చప్పట్లు కూడా కొడతారు. నిజంగా కట్నం అడగలేదని రూఢిగా తెలిస్తేనే వాడండి. తెలియకుండా అన్నారో, రెండు వైపులవాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, ఆ నిశ్శబ్దాన్ని ఏ పాటా నింపలేదు.

అన్నట్టు, ఈ శ్లేషకి అసలు యజమాని పొట్టివాడు. మూడడుగులు అడిగిన వామనుడు. అడిగేటప్పుడు పొట్టి, కొలిచేటప్పుడు పొడుగు. బలిచక్రవర్తి దెబ్బతిన్నది ఆ మాటకి ఉన్న రెండర్థాల మధ్యే. పొట్టి పెళ్లికొడుకుని ఎవరైనా ఆటపట్టిస్తుంటే మీరు కలగజేసుకుని ‘చూసి నవ్వండి, ఇంకా కొలవడం మొదలెట్టలేదు’ అనండి.

అడుగులోనే గొయ్యి కూడా ఉంది. ‘ఆరడుగుల’ పక్కన ‘నేల’, ‘జాగా’, ‘స్థలం’ రానివ్వకండి. మంచం చాలదని చెప్పబోయి ‘ఆరడుగుల జాగా చూడాలి’ అంటే పెద్దవాళ్లకి కాటి మాట వినపడుతుంది. దండలు మార్చుకునేటప్పుడు స్నేహితులు పెళ్లికొడుకుని పైకెత్తితే ‘నలుగురు మోస్తున్నారు’ అనడం కూడా అంతే. భుజాలకెత్తుకున్నారని చెప్పండి. మాట ఒకటే, శకునం వేరు.

ఇక తప్పులు. ‘అజానుబాహుడు’ అని మైకులో దీర్ఘం మింగేసి, అదేదో పొడుగుకి మారుపేరన్నట్టు వాడుతున్నారు. అది ఆజానుబాహువు. జాను అంటే మోకాలు, ఆ అంటే దాకా. మోకాళ్ల దాకా చేతులున్నవాడని అర్థం. నిటారుగా నిలబడితే మనలో చాలామంది వేళ్లు తొడ మధ్యకే చేరతాయి. కాబట్టి అది చేతుల పొడుగుకి చెప్పిన మాట, మనిషి పొడుగుకి కాదు. సరిగ్గా వాడితే జోకు కూడా వస్తుంది. ‘ఆజానుబాహువండి, బంతిలో మూడో విస్తరి మీద పూతరేకు కూడా ఈయనదే.’

అంకెల్లో ఇంకో తిరకాసు. పెళ్లిచూపుల కాగితంలో 5.10 అని ఉంటే ‘అయిదు పాయింటు పది’ అని చదువుతారు. అడుగుకి 12 అంగుళాలు, 10 కాదు. 5.8 అడుగులంటే లెక్క ప్రకారం 5 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాల పైచిలుకు, జనం ఉద్దేశం మాత్రం 5 అడుగుల 8 అంగుళాలు. ‘అయిదడుగుల పదంగుళాలు’ అని నోరారా అనండి. అంగుళం తగ్గించి చదివితే మా వాళ్లు పట్టించుకోరు. పొట్టివాళ్లు ఊరుకోరు.

వేదిక మీద పనులు కొన్ని. పీటల మీద కూర్చున్నప్పుడు ఇద్దరి మధ్య తేడా బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే పొడుగులో తేడా చాలావరకు కాళ్లలోనే ఉంటుంది. కాబట్టి జీలకర్ర బెల్లం, తలంబ్రాల దగ్గర పొడుగు జోకు నిలబడదు, కళ్లకి సాక్ష్యం దొరకదు. దాని చోటు రిసెప్షన్‌లో నిలబడి దండలు మార్చుకునేటప్పుడు. ‘దండెయ్యడానికి దండయాత్ర చేస్తోందండి’ అన్నది బావుంటుంది గానీ దండ చేతికందిస్తున్నప్పుడే అనేయండి. పట్టుచీరలో, గాజుల చేతుల్తో, బరువైన గులాబీ దండని భుజాలకంటే పైకెత్తి ఆ అమ్మాయి ఎంతోసేపు నిలపలేదు. సరిగ్గా ఆ క్షణంలో మీరు నవ్విస్తే ఏమవుతుందంటే, వంగిన పెళ్లికొడుకు నవ్వుతూ నిటారవుతాడు, దండ చెవికి తగులుకుంటుంది. మోకాళ్లు కాస్త వంచి తల దించమని అతనికి ముందే చెవిలో చెప్పండి. నడుం వంచితే తలపాగా జారుతుంది.

గురి ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. గుమ్మం, మంచం, దుప్పటి, బస్సు సీటు, షామియానా, ఇవి పొట్టివని నవ్వించండి, మేమే ముందు నవ్వుతాం. మోకాళ్లలో బుద్ధి సామెతకి కూడా మా దగ్గర జవాబుంది. ‘నిజమేనండి, మోకాళ్లలోనే ఉంది. పల్లెవెలుగు బస్సులో ముందు సీటుకి రాపాడి రోజూ పదునెక్కుతోంది.’ పొడుగమ్మాయి విషయంలో మాత్రం ‘ఇంత పొడుగుకి సంబంధం ఎలా దొరికిందో’ అన్న వాక్యం జన్మలో వాడకండి. ఆ మాట ఆ ఇంట్లో అప్పటికే ఎన్నిసార్లు వినపడి ఉంటుందో మీకు తెలియదు. తోడిపెళ్లికూతురిగా నిలబడ్డ పదమూడేళ్ల పిల్ల మీద అసలే వద్దు, ఆ వయసులో ఒక్క మాటకి భుజాలు ముందుకి వంచి నడవడం అలవాటు చేసుకుంటారు. మితిమీరిన పొడుగుకి పిట్యూటరీ గ్రంథి జబ్బు కారణమయ్యేవాళ్లూ ఉంటారు. ఊళ్లోవాళ్లని అడిగి తెలుసుకోండి, వేదికెక్కాక కాదు.

తీర్థాల్లో వ్యాఖ్యానం చెప్పేవాళ్లకి ఒక ముక్క. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకి పదకొండు ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి ఊరేగింపు చట్రాలు, భుజాల మీదే వస్తాయి. మోసేవాళ్లలో పొడుగువాడు ఒక్కడు కలిస్తే కర్ర అతని భుజం మీదే ఆనుతుంది, పక్కన పొట్టివాడి భుజానికి తగలనే తగలదు. అందుకే ఒక కర్ర కిందికి ఒకే ఎత్తువాళ్లని సర్దుతారు, లేదంటే పొట్టివాళ్ల భుజం మీద తువ్వాలు మడతలు పెంచుతారు. ‘ప్రభ ఎత్తింది అందరూ, ఎత్తు మాత్రం ఒక్కడిదే’ అన్న జోకు అక్కడ నిలబడి చూస్తేనే పుడుతుంది.

వరదల జోకు కూడా ఒకటి చేర్చుకోండి, లెక్క మేమే వేసి ఇస్తున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆరడుగులవాళ్లు ఇద్దరు ఒకరి మీదొకరు నిలబడితే 12, అంటే మొదటి హెచ్చరిక దాటేసినట్టే. ముగ్గురైతే 18, మూడోది కూడా అయిపోయింది. రెండోదానికే చిక్కు, ఇద్దరూ 6 అడుగుల పదిన్నర అంగుళాలుండాలి. కాబట్టి ముగ్గురు పొడుగన్నదమ్ములున్న ఇంటికి ‘ఈ ఇల్లు తిన్నగా మూడో హెచ్చరికేనండి’ అనొచ్చు. జులై, ఆగస్టుల్లో లంకల్లో పెళ్లయితే ఈ జోకు పెట్టెలోంచి తీయకండి. సామాన్లు అటక మీదికి ఎక్కించుకుని వచ్చినవాళ్లు ఆ పందిట్లో ఉంటారు.

ఇట్లు,
గుమ్మాల దగ్గర వంగే అలవాటున్న మీ శ్రేయోభిలాషులు

తా.క.: ఆశీర్వాదం చెప్పమని పిలిచి మీ గడ్డం ఎత్తున ఉన్న మైకు మాకివ్వకండి. వంగితే పొట్ట నొక్కుకుపోయి గొంతు రాదు, మైకుని మీరు చేత్తో పైకెత్తి పడితే స్పీకరు ముందుకెళ్లి కుయ్యిమంటుంది. స్టాండు నడుమ ఉన్న మర వదులు చేసి, గడ్డానికి కాస్త కిందుగా, నోటికి బెత్తెడు దూరంలో నిలిపి, గట్టిగా బిగించండి. సగం బిగిస్తే మాట్లాడుతుండగానే మెల్లగా దిగిపోతుంది, దాంతోపాటు మేమూ దిగుతుంటాం.